కొత్త మాస్టర్ ప్లాన్‌కు రంగులు వేసే ముందు హద్దులు, నీళ్ల లెక్కలు తేల్చండి

తెలంగాణ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ ఉన్నతాధికారులకు, హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మెట్రోపాలిటన్ కమిషనర్ గారికి,

విషయం: హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2050 మాస్టర్ ప్లాన్ తయారీలో మార్చాల్సిన పద్ధతులు.

అయ్యా,

భూమి సర్వే, డ్రైనేజీ డిజైన్, బిల్డింగ్ ప్లాన్ల పనిలో రోజూ ఉండేవాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఈ నగరంలో భూమి హద్దు ఒక ఆఫీసులో ఉంటుంది, చెరువు హద్దు ఇంకో ఆఫీసులో ఉంటుంది, మురుగు పైపు కొలత మూడో ఆఫీసులో ఉంటుంది, పర్మిషన్ ఇచ్చే సంతకం నాలుగో చోట పడుతుంది. ఈ నాలుగూ ఒకే సర్వే నంబరు కింద ఒకే పేజీ మీదికి వచ్చేదాకా ఎంత శ్రద్ధగా ప్లాన్ గీసినా అది గోడకు వేలాడే పటంగానే మిగులుతుంది. మేం అడిగేవన్నీ ఆ పేజీని తయారు చేయడం కోసమే.

ఇప్పుడున్న పరిస్థితి మీకు తెలియంది కాదు. హెచ్‌ఎండీఏకు ముందున్న హుడా నాటి ప్లాన్, 2001 నాటి సైబరాబాద్ ప్లాన్, ఎయిర్‌పోర్ట్ ప్రాంతానికి వేరే ప్లాన్, ఔటర్ రింగ్ రోడ్డుకు గ్రోత్ కారిడార్ ప్లాన్, పాత ఎంసీహెచ్ (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ప్రాంతానికి 2010 ప్లాన్, బయటి మండలాలకు 2013లో వచ్చిన 2031 ప్లాన్. ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటి అతుకులేసి నడుస్తున్నాయి. అతుకు పడిన చోట రోడ్డు ఒక ప్లాన్‌లో 30 మీటర్లుండి పక్క ప్లాన్‌లో సన్నబడుతుంది, ఒకవైపు కన్జర్వేషన్ జోన్ అని రాసిన నేలకు గట్టు దాటగానే రెసిడెన్షియల్ రంగు పడుతుంది. 2025లో హెచ్‌ఎండీఏ పరిధి పది వేల చదరపు కిలోమీటర్లు దాటింది. పాత అతుకులు విప్పకుండా దాని మీదే కొత్త గుడ్డ కుడితే చిరుగు ఇంకా పెద్దదవుతుంది.

అందుకే మొదటి కోరిక బేస్ మ్యాప్ గురించి. జోన్లు, రోడ్లు అన్నీ చివరికి గ్రామ నక్షా మీదే కూర్చోవాలి. ఆ నక్షాలేమో పాత సర్వే కొలతలతో, టిప్పన్ల (ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్తు పటాల) ఆధారంగా, ఏ గ్రామానికి ఆ గ్రామం విడిగా గీసినవి. రెండు గ్రామాల నక్షాలు పక్కపక్కన పెడితే కొన్ని చోట్ల మధ్యలో సందు మిగులుతుంది, కొన్ని చోట్ల ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. వాటిని స్కాన్ చేసి శాటిలైట్ చిత్రం మీద లాగి సర్దితే చూడ్డానికి సరిపోయినట్టే ఉంటుంది గానీ మధ్యలో ఉన్న సర్వే నంబర్లు జరిగిపోతాయి. ఇంకో సంగతి. 1:10,000 స్కేలు పటంలో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద 5 మీటర్లు. ముప్పై అడుగుల వెడల్పున్న ప్లాటుకు అది సగం ఇంటికి పైనే. ఆ గీతకు ఏ అంచు లెక్క అని ప్లాన్‌లో ఎక్కడా రాయకపోతే, తేల్చేది ఆ రోజు ఫైలు చూసే మనిషి అవుతాడు.

దీనికి దారి ఉంది. ప్రతి గ్రామంలో మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే సరిహద్దు రాళ్లు, పాత గుడి, మసీదు, రాతి బావి, చెరువు తూము లాంటి కదలని గుర్తులు వెతికి డీజీపీఎస్‌తో (సెంటీమీటర్ల కచ్చితత్వంతో చోటు చెప్పే ఉపగ్రహ పరికరంతో) పట్టాలి. డ్రోన్ చిత్రం తీసి, ఆ గుర్తుల ఆధారంగా సర్వే నంబర్ల గట్లను కూర్చోబెట్టాలి. ఒక మీటరుకు మించి తేడా వచ్చిన ప్రతి సర్వే నంబరునూ ఎర్రగా చూపించి, ఆ ముక్కకు నేల మీద మళ్లీ కొలత వేయాలి. తేడాను నలుగురికీ పంచి కనపడకుండా చేయడం సర్వేలో పెద్ద తప్పు, ఎందుకంటే ఆ తర్వాత అది ఎక్కడుందో ఎవరికీ దొరకదు. ఈ బేస్ మ్యాప్‌ను ఒక్క జోన్ రంగూ వేయకముందే విడిగా ప్రకటించి 90 రోజులు అభ్యంతరాలు తీసుకోండి. జోన్ తెలియనంతవరకు హద్దు గురించి జనం నిజం చెబుతారు. రంగు పడ్డాక ప్రతి అభ్యంతరమూ ధర గురించే అవుతుంది.

రెండోది చెరువులు, నాలాలు. దీని మీద కాస్త ఎక్కువగా రాస్తున్నందుకు మన్నించాలి. హైదరాబాద్ గొలుసుకట్టు చెరువుల మీద కట్టిన ఊరు. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిన తరం నీళ్లు ఎటు నుంచి ఎటు వస్తాయో చూసిన తర్వాతే ఊరిని దిద్దింది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో దాదాపు 24 సెంటీమీటర్ల వాన పడ్డాక నాలాల మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ 2003లో నివేదిక ఇచ్చింది, వెడల్పు చేయాల్సిన చోట్లు చెప్పింది. 2020 అక్టోబరులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ మునిగాయి. మధ్యలో గడిచిన పదిహేడేళ్లలోనూ ఆ నాలాల పక్కన పర్మిషన్లు ఆగలేదు.

ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) అంటే నిజానికి ఒక మట్టం. అలుగు పైఅంచు ఎంత ఎత్తున ఉందో, నేల మీద అంతే ఎత్తున్న బిందువులన్నిటినీ కలిపితే వచ్చే గీత అది. కొలవడం కష్టమైన పని కాదు. అలుగు అంచు మీద బెంచ్‌మార్క్ పెట్టి, లెవెల్ తీసుకుంటూ చెరువు చుట్టూ తిరగాలి. తప్పు జరిగేది మరో చోట. అలుగు పగలగొట్టి ఉన్నా, తూము ఎప్పుడూ తెరిచే ఉన్నా చెరువు నిండదు. నిండని చెరువుకు ఎండాకాలంలో నీళ్లున్నంత మేర గీత గీస్తే అదే ఎఫ్‌టీఎల్ అయిపోతుంది. పైనుంచి వచ్చే కాలువ పూడ్చేసి "ఈ చెరువు నిండి ఇరవై ఏళ్లయింది" అంటారు. ఇటు రెవెన్యూ రికార్డులో శిఖం (చెరువు నిండితే మునిగే నేల) విస్తీర్ణం ఒకటుంటుంది, ఇరిగేషన్ రికార్డులో ఇంకోటి ఉంటుంది. శిఖంలో పట్టాలు కూడా ఉన్నాయి, వాటి యజమానులు పన్ను కట్టి సాగు చేసుకున్నవాళ్లు, వాళ్లందరినీ ఆక్రమణదారులనడం న్యాయం కాదు.

2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168లో బఫర్ (చెరువు, నాలా అంచు నుంచి కట్టకుండా వదలాల్సిన పట్టీ) లెక్కలు చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపలైతే 2 మీటర్లు. ఇప్పుడు నక్షాలో 12 మీటర్ల వెడల్పున్న వాగు తీసుకోండి. నడిమి గీత నుంచి ఒకవైపు 6 మీటర్ల వాగు, 9 మీటర్ల బఫర్, మొత్తం 15 మీటర్లు కట్టడానికి లేదు. అదే వాగును ఎవరో రెండువైపులా పూడ్చి 4 మీటర్లు చేశారనుకోండి. ఫైలులో ఆ రోజు నేల మీద ఉన్న వెడల్పు రాస్తే 2 మీటర్ల వాగు, 2 మీటర్ల బఫర్, నడిమి గీత నుంచి 4 మీటర్లు వదిలితే చాలు. ఎంత ఆక్రమిస్తే బఫర్ అంత తగ్గుతుంది. 11 హెక్టార్ల చెరువును మట్టి పోసి తొమ్మిదిన్నరకు దించినా అంతే, చుట్టూ 21 మీటర్ల పట్టీ విడుదలవుతుంది. నిబంధన రాసినవాళ్ల ఉద్దేశం అది కాదని మాకు తెలుసు. కానీ ఏ తేదీ నాటి కొలత లెక్కలోకి వస్తుందో రాయకపోతే నిబంధనే పూడికకు బహుమానం ఇచ్చినట్టవుతుంది.

కాబట్టి కొత్త ప్లాన్ నిబంధనల్లో ఒక వాక్యం చేర్చమని కోరుతున్నాం: చెరువు విస్తీర్ణం, నాలా వెడల్పు పాత గ్రామ నక్షాలో ఉన్నదీ, ఇప్పటి కొలతలో తేలినదీ రెండూ చూసి, ఏది పెద్దదైతే దాని ఆధారంగానే బఫర్ లెక్కకట్టాలి. హెచ్‌ఎండీఏ లెక్కలో మూడు వేలకు పైగా చెరువులున్నాయి. చాలావాటికి ప్రిలిమినరీ నోటిఫికేషన్ వచ్చి, తుది నోటిఫికేషన్ రాకుండా ఏళ్లు గడిచాయి. ఆ మధ్యకాలంలో ఇచ్చిన పర్మిషన్‌తో, బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్న కుటుంబం, 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థ హైడ్రా వచ్చాక తన ఇల్లు ఏ గీత లోపలుందో తెలియక నిద్ర లేకుండా గడిపింది. ఒక గొలుసులోని చెరువులన్నిటికీ ఒకేసారి, పై చెరువు నుంచి కింది దాకా తుది నోటిఫికేషన్ ఇవ్వండి. ఒక్కో చెరువుకు విడిగా చేస్తే మధ్యలో ఉన్న కాలువ ఎవరి పనీ కాకుండా పోతుంది. గొలుసు పూర్తయ్యేదాకా ఆ పరివాహకంలో (ఆ చెరువులకు నీరు పారి వచ్చే నేలలో) లేఅవుట్ పర్మిషన్లు ఆపండి. దీనికి గడువు కూడా పెట్టండి, లేకపోతే ఆపడమే అలవాటైపోతుంది.

శిఖం పట్టాదారుకు టీడీఆర్ (భూమి వదులుకున్నందుకు వేరే చోట అదనంగా కట్టుకునే, అమ్ముకోగల హక్కు) ఇస్తామంటున్నారు, మంచిదే. కానీ టీడీఆర్ కాగితం కొనేవాడు ఉంటేనే డబ్బవుతుంది. ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (ప్లాటు విస్తీర్ణానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు) లేని నగరంలో బిల్డర్ దాన్ని ఎందుకు కొనాలి? ఈ ప్రశ్నకు మళ్లీ వస్తాం.

నీళ్ల లెక్క ఎంత చిన్నదో చూపిస్తాం. గంటకు 50 మిల్లీమీటర్ల వాన ఒక హెక్టారు మీద పడితే గంటకు 500 ఘనపు మీటర్ల నీరు. ఆ నేల చెలక అయితే అందులో 30 శాతం పారుతుందనుకుందాం, 150 ఘనపు మీటర్లు. అదే నేల సిమెంటు, తారు అయితే 90 శాతం పారుతుంది, 450 ఘనపు మీటర్లు. కింద ఉన్న నాలా మారలేదు, మోయాల్సిన నీరు మూడింతలైంది. ఇంకోవైపు, ఎకరం పల్లపు నేలను ఒక్క మీటరు మట్టితో ఎత్తు చేస్తే 40 లక్షల లీటర్ల నీరు నిలిచే చోటు పోతుంది, అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు వందలు. ఆ నీరు పక్క కాలనీకి వెళ్తుంది. లేఅవుట్ పర్మిషన్‌కు ఇంటర్నల్ డ్రైన్ డ్రాయింగ్ అడుగుతున్నారు గానీ, దాని చివర నీరు ఎక్కడ పడుతుందో అడగడం లేదు. "అవుట్‌ఫాల్" అని రాసి బాణం గుర్తు వేస్తే సరిపోతోంది. ఆ బాణం ఏ నాలాకు చేరుతుంది, ఆ నాలా సామర్థ్యం ఎంత, అందులో ఇప్పటికే ఎంత కేటాయించారు అనే మూడు అంకెలు లేకుండా లేఅవుట్ ఫైలు ముందుకు కదలకూడదు.

ఇక కాలనీల మాట. 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి తీసేశాక, హైదరాబాద్‌లో ఎంత కట్టొచ్చనేది రోడ్డు వెడల్పు, వదిలే ఖాళీ, ఎత్తు తేలుస్తున్నాయి. 55 మీటర్లు దాటిన భవనానికి 30 మీటర్ల రోడ్డు కావాలి. అంతకు మించి ఆ రోడ్డు మీద ఇప్పటికే ఎన్ని భవనాలున్నాయన్నది నిబంధనల్లో లేదు. మొదటి టవర్‌కూ, ఇరవయ్యో టవర్‌కూ అదే లెక్క.

చిన్న వీధుల్లోనూ ఇదే జరుగుతోంది. ఒక వీధిలో నలభై ప్లాట్లు, ఇంటికో కుటుంబం, కుటుంబానికి నలుగురు అనుకోండి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున వీధికి 21,600 లీటర్లు. ఒక్కో ఇల్లు పడగొట్టి పది ఫ్లాట్లు కడితే 2,16,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగు, అంటే రోజుకు లక్షా డెబ్బై మూడు వేల లీటర్లు, సెకనుకు సగటున 2 లీటర్లు. పొద్దున అందరూ లేచే వేళకు దాన్ని మూడింతలు చేసి 6 లీటర్లు అంటాం. వీధిలోని పైపు దీన్ని మోస్తుంది. ఏ ఒక్క ఫైలు తీసి చూసినా పాసవుతుంది. కానీ అలాంటి పది వీధులు కలిసే చోట 250 మిల్లీమీటర్ల పైపు ఉందనుకోండి, మూడు వందలకు ఒకటి వాలులో అది నిండుగా పారినా సెకనుకు 34 లీటర్లే తీసుకెళ్తుంది. వచ్చేది 60. దానికి తోడు వాన నీటి గొట్టాలు కూడా మ్యాన్‌హోల్‌లోకే కలుపుతారు. మూత లేచి మురుగు రోడ్డెక్కుతుంది. ఎక్కేది కూడా కొత్త అపార్ట్‌మెంట్ ముందు కాదు, ఆ పది వీధుల కింద పల్లంలో ఉన్న బస్తీలో. ఆ బస్తీవాళ్లు ఏ పర్మిషన్‌కూ దరఖాస్తు చేసినవాళ్లు కాదు.

పర్మిషన్‌లు ఆలస్యం చేయమని మేం అడగడం లేదు. బిల్డింగ్ అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చేందుకు తెచ్చిన 2020 టీఎస్ బీపాస్ చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల లోపు ఎత్తు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వచ్చింది, పెద్దవాటికి 21 రోజుల గడువు వచ్చింది. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తగ్గింది. ఆ వేగం ఉండాలి. అయితే సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదిలే ఖాళీ), ఎత్తు లెక్క కట్టడం సాఫ్ట్‌వేర్‌కు తేలిక. ప్లాటు శిఖంలో ఉందా, వీధి చివరి పైపు నిండిందా అని చెప్పాలంటే దానికి నమ్మదగిన హద్దు, తాజా అంకె మనం ఇవ్వాలి. జలమండలి పైపులను వార్డు వారీగా కాకుండా పరివాహకం వారీగా ఖాతాలు తెరిచి, ఇచ్చిన ప్రతి పర్మిషన్‌నూ ఆ ఖాతాలో ఖర్చు రాయాలి. ఖాతా 80 శాతం చేరగానే పైపు మార్చే పని టెండర్‌కు వెళ్లాలి, నూరు శాతం చేరితే పెద్ద భవనాలకు అనుమతి ఆగాలి. ఇంపాక్ట్ ఫీజు ఏ పరివాహకంలో వసూలైతే అక్కడే ఖర్చు పెట్టి, మూడు నెలలకోసారి లెక్క చూపించాలి. ఈ పరిమితి వచ్చినప్పుడే టీడీఆర్‌కు నిజమైన విలువ వస్తుంది. నిండిన చోట కట్టలేనివాడు ఖాళీ ఉన్న చోట కట్టుకోవడానికి శిఖం పట్టాదారు దగ్గర కొంటాడు. పైన ఆపిన ప్రశ్నకు మా జవాబు ఇది.

రోడ్ల గురించి. మాస్టర్ ప్లాన్ రోడ్డు గీసి, భూమి సేకరించకుండా వదిలేస్తే, ఎవరు పర్మిషన్‌కు వస్తే వాళ్ల ముక్క మాత్రమే రోడ్డుకు వస్తుంది. రానివాళ్ల ముక్క అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత అది పళ్లు ఊడిన దువ్వెనలా కనిపిస్తుంది. మొదట భూమి ఇచ్చినవాడికి రోడ్డు రాదు, ఇవ్వనివాడికి నష్టం లేదు. గుజరాత్‌లో 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు నడుస్తాయి. వంద హెక్టార్ల చుట్టూ ఒక ముక్క తీసుకుని, అందరి భూమి కలిపి, రోడ్లకు, పార్కులకు, బడులకు, ప్రభుత్వం అమ్ముకునే ప్లాట్లకు కలిపి నలభై శాతం దాకా తీసి, మిగిలింది సరైన ఆకారంలో ప్లాట్లుగా అదే యజమానులకు తిరిగి ఇస్తారు. అహ్మదాబాద్ రింగ్ రోడ్డుకు చాలా భూమి అలాగే వచ్చింది. మన దగ్గర కూడా ఉప్పల్ భగాయత్‌లో రైతులకు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇచ్చిన అనుభవం హెచ్‌ఎండీఏకే ఉంది. అమరావతిలో 2015లో మొదలైన ల్యాండ్ పూలింగ్ నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది. ముప్పై వేల ఎకరాలకు పైగా ఒకేసారి తీసుకుంటే, ప్రభుత్వం మారినా నిధులు ఆగినా రైతు ప్లాటు కాగితం మీదే ఉండిపోతుంది. కాబట్టి చిన్న ముక్కలు చాలు. ఔటర్ లోపల ఖాళీగా ఉన్న గ్రామాల్లో మొదట పది స్కీములు తీసుకుని, ఒక్కోదానికి ఒక టౌన్ ప్లానింగ్ అధికారిని, ఒక సర్వేయర్‌ను, ఒక తహసీల్దార్‌ను స్కీము పూర్తయ్యేదాకా బదిలీ చేయకుండా ఉంచండి. ఈ చివరి షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ మధ్యలో అధికారి మారితే విన్న అభ్యంతరాలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి.

భూ వినియోగ మార్పిడి, సీఎల్‌యూ ఫైళ్ల మీద ఒకే మాట. ఒక్కో సర్వే నంబరుకు విడిగా మార్పిడి ఇవ్వడం ఆపి, ఆరు నెలలకోసారి గ్రామం మొత్తానికి వచ్చిన దరఖాస్తులన్నీ ఒకే పటం మీద వేసి, ఒకే రోజు విని, ఇచ్చిన కారణం, ఇవ్వని కారణం రెండూ సర్వే నంబరు పేజీలో రాయండి.

అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాలు (ఎల్ఆర్ఎస్) 2007లో, 2015లో, 2020లో వచ్చాయి. 2020 ఎల్ఆర్ఎస్‌కు రాష్ట్రవ్యాప్తంగా పాతిక లక్షలకు పైగా అప్లికేషన్లు వచ్చాయి. అంతమందిని చట్టం తెలియనివాళ్లు అనలేం. అప్రూవ్డ్ లేఅవుట్‌లో చిన్న ప్లాటు దొరకదు, దొరికినా అందదు. అందుకే మనిషి గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్‌కు పోతాడు. గుంట అంటే 121 గజాలు, ఇల్లు కట్టుకోవడానికి సరిపోతుంది, రిజిస్ట్రేషన్ మాత్రం వ్యవసాయ భూమిగా జరుగుతుంది. స్కీముల్లో వచ్చే ప్రభుత్వ ప్లాట్లలో కొంత భాగం 60 నుంచి 100 గజాల ప్లాట్లుగా రోడ్డు, పైపు వేసి అమ్మండి. గుంటల దందా తగ్గడానికి నిషేధాల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

చివరగా, ఈ ప్లాన్ ఎవరు ఆమోదించాలి? రాజ్యాంగంలోని 243 జెడ్‌ఈ అధికరణం ప్రకారం మహానగర ప్రాంతానికి ముసాయిదా ప్రణాళిక తయారు చేయాల్సింది మెట్రోపాలిటన్ ప్లానింగ్ కమిటీ. అందులో కనీసం మూడింట రెండొంతుల మంది మున్సిపాలిటీలు, పంచాయతీల నుంచి ఎన్నికైనవాళ్లు ఉండాలి. హైదరాబాద్‌లో ప్లాన్ ఏళ్లుగా డెవలప్‌మెంట్ అథారిటీ చేతిలోనే ఉంది. 2050 ముసాయిదా ఆ కమిటీ ముందుకు రావాలి, దాని చర్చ రికార్డు ప్రజలకు అందాలి.

ముసాయిదా రోజున పటంతో పాటు నిబంధనలు, సర్వే నంబర్ల పట్టిక తెలుగులో, ఉర్దూలో కూడా ఇవ్వండి. ప్రతి మండలంలో కనీసం ఒక రోజు, అధికారి ఎదురుగా కూర్చుని వినే సభ పెట్టండి. సర్వే నంబరు చెబితే దాని జోన్, రోడ్డు, ఎఫ్‌టీఎల్, బఫర్, నాలా వెడల్పు ఉన్న ఒక్క పేజీ అక్కడికక్కడే ప్రింటు తీసి, స్టాంపు వేసి చేతిలో పెట్టండి. అభ్యంతరం రాసిన ప్రతివాళ్లకూ నంబరు ఇచ్చి, తుది ప్లాన్‌కు ముందే ఆ నంబరు కింద ఒప్పుకున్నారో లేదో, ఎందుకో రాసిన జవాబు పంపండి. ఈ పనులకు మా తరఫున సర్వే లెవెల్స్, పైపు లెక్కలు, గ్రామ నక్షాల పోలిక ఏ మండలంలో కావాలన్నా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
హైదరాబాద్‌లో సర్వే, డ్రైనేజీ, భవన ప్రణాళిక పనుల్లో ఉన్న కొందరం